పలక పడింది

1947 అక్టోబరు 6

ఈ రోజు మా హెడ్మాస్టరు బడే గురూజీ నన్ను పిల్లలందరి ముందూ నిలబెట్టాడు. "బుల్లమ్మా బెహెన్‌జీ, మీ చెల్లెలు మూడేళ్లుగా పహిలీ క్లాసులోనే ఉంది. అక్క ఊరికంతా చదువు చెబుతుంది, చెల్లెలికి అక్షరం రాదు. మన కొంటాలో జనం నవ్వరా?" అని హిందీలో అడిగాడు.

జనం నవ్వలేదు. నవ్వింది ఆయనే.

మా సంస్థానం ఇండియాలో కలిసిపోతుందట, కొత్త ఇన్‌స్పెక్టర్లు వస్తారట. వాళ్లు వచ్చేసరికి రిజిస్టరు శుభ్రంగా ఉండాలట. దీపావళిలోగా సమ్మక్కకు అక్షరాలైనా రావాలి, లేదంటే దాన్ని ఇంకెక్కడైనా చేర్పించాలి. రెండూ జరగకపోతే పేరు కొట్టేస్తాడట. తప్పు రాసిన లెక్క కొట్టేసినంత తేలిగ్గా అన్నాడు.

మా ఇంట్లో ఇంతవరకు రిజిస్టరుకెక్కిన పేర్లు రెండే. ఒకటి నాది.

అక్టోబరు 8

సమ్మికి పదేళ్లు నిండాయి. పలక ఒళ్లో పెట్టుకుంటే అది సమ్మి కాదు, గోడ. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ రాదు. పక్కపక్కన రెండు రాస్తే రెండోదాన్ని ముందు చదువుతుంది. బోర్లా రాసి, సరిగ్గానే రాశానని నా మొహంలోకి చూస్తుంది. హిందీ అచ్చి రావడం లేదని ఇంట్లో తెలుగు మొదలుపెట్టాను. తెలుగూ అంతే.

సాయంత్రం నాయినకు అన్నం తీసుకుని శబరి ఒడ్డుకు వెళ్లాం. అడవిలో నుంచి కొత్తగా దుంగలు దిగాయి. నాయిన, ఆయనతో పనిచేసే హిడ్మా తెప్పలు కడుతున్నారు. కలప నాకాలో లెక్క రాసే మున్షీ పుస్తకం తెరుచుకుని ఏ దుంగ మీద ఏ కాంట్రాక్టరు సుత్తి ముద్ర ఉందో చెప్పమని కూర్చున్నాడు. హిడ్మా కొక్కెంతో దుంగను ఇవతలికి లాగకముందే ఒడ్డు మీద నుంచి సమ్మి మొదలుపెట్టింది.

"చేప. చేప. బాణం. అది నెలవంక, మన తెప్పల పెట్టకు. అవతలి బేరగాళ్లది."

సగం బురదలో ఉన్నవాటిని కూడా చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

"మున్షీజీ, నువ్వు ఇంటికి పోయి పండుకో. పుస్తకం ఈ పిల్లకియ్యి" అన్నాడు హిడ్మా. అందరూ నవ్వారు. నాయిన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. ఇరవై గజాల దూరంలో తడిసిన దుంగ మీద ముద్ర కనిపించే పిల్లకు ఒళ్లో ఉన్న పలక మీద అక్షరం కనిపించదా? కళ్లున్నాయి, బుర్ర ఉంది. రాక కాదు. రాకూడదని. నాయిన నవ్వే నవ్వు దానికి చాలు, ఇంకెందుకు చదువుతుంది? పొగరు.

అక్టోబరు 9

నది అవతల మిషన్ హాస్టల్లో మొదటి ఏడాదంతా బెత్తం దెబ్బలకు నా అరచేతులు కమిలే ఉండేవి. కంచం పట్టుకోవడం కూడా కష్టంగా ఉండేది. ఎవరికీ చెప్పుకోలేదు. నేర్చుకున్నాను. ఎనిమిదో క్లాసు పాసయ్యాను. ఊరికే రాలేదు నాకు.

దానికి మాత్రం ఊరికే రావాలి.

అక్టోబరు 10

పలక పడింది. సమ్మి కుడి చూపుడు వేలు వాచింది. అమ్మ పసుపూ సున్నం కలిపి కట్టు కట్టింది. పలక ఒక మూల విరిగింది. కొత్తది తేవాలి.

అక్టోబరు 11

రాయడానికి ఏమీ లేదు.

అక్టోబరు 13

మశూచి టీకాలు వేయడానికి జగదల్‌పూర్ నుంచి డాక్టరు వచ్చాడు. పిల్లలందరూ వెళ్లాక సమ్మిని చూపించాను. దూరంగా నిలబెట్టి బొమ్మలు చూపించాడు, అన్నీ చెప్పింది. చెవి దగ్గర గడియారం పెట్టాడు, వింది. లెక్క నోటితో అడిగితే నాకంటే ముందే చెప్పింది. పుస్తకం ఇచ్చాడు. గోడ.

విలాయత్‌లో ఇలాంటి పిల్లల గురించి డాక్టర్లు రాశారట. చూపు బాగుంటుంది, అక్షరం మాత్రం పట్టుబడదు. మందు లేదట. ఆ మాట వింటూ ఆయన మెడలో వేలాడే ఆ గొట్టాన్ని లాగి విసిరేయాలనిపించింది. మందు లేనిదానికి పేరెందుకు?

జగదల్‌పూర్ దగ్గర ఒక ఆశ్రమ బడి ఉందట. గుడ్డి పిల్లలు, చెవిటి పిల్లలు, బుద్ధి మందగించిన పిల్లలు ఉంటారు. ఆయన రాస్తే ఒక చోటు దొరుకుతుంది. హిందీ పర్చా ఒకటి ఇచ్చాడు. అందులో "ఈ బాలిక మందబుద్ధి అని ధ్రువీకరిస్తున్నాను" అని ముందే అచ్చయి ఉంది. పిల్ల పేరు, కారణం, తండ్రి వేలిముద్ర, చదువు చెప్పినవారి సంతకం మనం నింపాలి. వచ్చే నెల పదో తేదీన ఆయన మనిషి వచ్చి తీసుకెళతాడు.

"ఈ వేలికేమైంది?" అని అడిగాడు లేస్తూ.

పలక పడిందని చెప్పాను.

అక్టోబరు 15

నాయినకు ఆశ్రమం మాట నచ్చలేదు.

"జగదల్‌పూర్ ఎందుకే? పంతులు ఉన్నడు గద. పొద్దుగాల గంట కూసుంటడు. పిల్ల మన కండ్ల ముందల ఉంటది."

ఆ పంతులు పేరు వెంకటనారాయణ. రాజమండ్రి కలప వర్తకుల దగ్గర రాతకోతలకు వచ్చి, వాళ్లు వెళ్లిపోయినా ఇక్కడే ఉండిపోయాడు. ముక్కుపొడి, రెండు మేకలు, ఒక గొడుగు. మొదటి రోజు పలక తియ్యనే లేదు.

"ఏమ్మా సమ్మక్కా, అక్షరాలంటే నీకెందుకు పడదు?"

"అవి కదులుతయి పంతులూ."

"కదిలితే పట్టుకుందాం. మా మేక కూడా కదుల్తుంది. అలా అని పాలు మానేశానా?"

సమ్మి నవ్వింది. అక్షరాల మాట వచ్చినప్పుడు సమ్మి నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. గంటంతా మేక కబుర్లే. ఈయనా చదువు చెప్పేది?

అక్టోబరు 20

ఐదు రోజులకు ఒక్క అక్షరం. అదీ ఉదయం వచ్చి మధ్యాహ్నానికి పోయింది. "దానికి తొందర లేదమ్మా, మీకే ఉంది" అన్నాడు పంతులు. నాకు తొందర ఉండదా? దీపావళికి మూడు వారాలు.

ఇంకొకటి గమనించాను. నేను గదిలోకి వెళ్లగానే సమ్మి కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుంటోంది. అంటే ఈయన బెత్తం వాడుతున్నాడు. మేకలూ నవ్వులూ నా ముందు, దెబ్బలు నా వెనక. ముసలివాళ్ల మంచితనం ఇలాగే ఉంటుంది.

అక్టోబరు 22

మళ్లీ చెయ్యి దాచుకుంది. రెండుసార్లు.

అక్టోబరు 27

దసరా చూడటానికి వెళ్లేవాళ్లతో లారీలో జగదల్‌పూర్ వెళ్లి వచ్చాను. రథం ఎవరికి కావాలి? ఆశ్రమం చూడటానికే వెళ్లాను.

సున్నం కొట్టిన గోడలు. ఊడ్చిన వాకిలి. అరుపులు లేవు. ఆశ్రమం నడిపే అమ్మగారు తెల్లచీర కట్టుకుని మెల్లగా మాట్లాడుతుంది. పిల్లలు ఆమె కొంగు పట్టుకుని తిరుగుతున్నారు, భయం లేదు. నిజం రాయాలంటే మా బడికంటే అదే బాగుంది.

వసారాలో లక్కే అనే అమ్మాయి చాప అల్లుతోంది. పన్నెండేళ్లుంటాయి. కింద చూడకుండా, నాతో హల్బీ భాషలో మాట్లాడుతూనే అంచున పూలూ చెట్లూ తెస్తోంది. ఎన్నాళ్లయింది వచ్చి అని అడిగితే, పాలపళ్లు ఊడినప్పుడు వచ్చానంది. కళ్లు బాగున్నాయి, చెవులు బాగున్నాయి.

"ఈమెకు అక్షరాలు వచ్చా?" అని అమ్మగారిని అడిగాను.

"ఎందుకు?" అంది ఆమె.

కోపంగా కాదు. నిజంగానే అడిగింది. "ఇక్కడ పలకలు పెట్టం. పలక చూపించి ఏ పిల్లనీ ఏడిపించం."

దారి పొడుగునా ఆమె మీద కోపంతో ఉడికిపోయాను. ఎందుకు అట. ఆమె గదిలో అల్మారా నిండా పుస్తకాలున్నాయి. ఆమెనెవరూ ఎందుకు అని అడగలేదు.

కానీ పలక లేదు అన్నప్పుడు నాకు గుండె తేలికైంది. అదెందుకో ఇప్పుడు ఆలోచించను.

అక్టోబరు 30

ఆశ్రమమే. నిర్ణయించుకున్నాను.

ఇక్కడ పంతులు చేతిలో దెబ్బలు తినడం కంటే అక్కడ చాపలు అల్లుకోవడం మేలు. ఎవరూ కొట్టరు. సమ్మి సుఖపడుతుంది. బడే గురూజీ నోరు మూతపడుతుంది.

చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను. ఉండనీ.

నవంబరు 2

పంతులుతో తేల్చేశాను. పాఠం మధ్యలోనే వెళ్లాను. సమ్మి చెయ్యి తొడ కిందకు వెళ్లింది. దాన్ని బయటికి పంపేసి, "మా చెల్లెల్ని కొట్టే హక్కు మీకెవరిచ్చారు?" అని అడిగాను.

ఆయన ముక్కుపొడి డబ్బీకి మూత పెట్టాడు.

"నేను బెత్తం తేను తల్లీ. ఈ ఇంట్లో ఎక్కడైనా ఉంటే చూడండి."

"మరి నేను రాగానే చెయ్యెందుకు దాస్తుంది?"

"మీరు రాగానే దాస్తుంది. నేను వచ్చినప్పుడు దాయదు." గొడుగు తీసుకున్నాడు. "ఆ వేలు నేను మొదటి రోజే చూశాను. పలక పడిందని మీరే చెప్పారు. నేను నమ్మాను. నమ్మినట్టే ఉన్నాను."

అబద్ధాలకోరు ముసలాడు. వెళ్లిపోయాడు.

నవంబరు 3

పంతులు రాలేదు. సమ్మి గడపలో కూర్చుని ఎండెక్కేదాకా ఎదురు చూసింది.

నవంబరు 4

పంతులు రాలేదు.

అమ్మ రోట్లో కారం దంచుతూ తల ఎత్తకుండా అంది: "నువ్వు మంచిదానివే బుల్లీ. ఆ హాస్టల్ల ఏం పెట్టిన్రో నీకు, అది ఇంకా అరగలేదు."

అమ్మకేం తెలుసు చదువు సంగతి.

నవంబరు 6

బడి నుంచి వచ్చేసరికి సమ్మి ఇంట్లో లేదు. ఒడ్డుకు వెళ్లాను. తిట్టడానికే వెళ్లాను, నిజం.

మోకాలి లోతు నీళ్లలో ఉంది. నాయిన అవతల తాళ్లు పేనుతున్నాడు. ఒక దుంగ పూర్తిగా బురద పట్టి ఉంది. సమ్మి కళ్లు ఎటో పెట్టి, నీళ్లలో చెయ్యి పెట్టి దుంగ మొదలును తడిమింది. "బాణం" అంది. హిడ్మా కొక్కెం వేసి తిప్పాడు. బాణమే. కానీ తలకిందులుగా ఉంది.

"అది కిందికి ఉంది కదే. బాణమని ఎట్లా చెప్పావు?" అన్నాను.

సమ్మి నా వైపు చూసిన చూపు మా బడిలో మొద్దుపిల్లల వైపు నేను చూసే చూపు.

"దుంగ తిరిగితే ముద్ర మారుతదా అక్కా? దొర్లినప్పుడల్ల మారితే మున్షీ పిచ్చోడు కాడా?"

"ఇప్పుడేమన్న మంచిగున్నడా?" అన్నాడు హిడ్మా.

నేను అక్కడే రాయి మీద కూర్చున్నాను. నడక వచ్చినప్పటి నుంచి ఈ పిల్ల ఈ దుంగల మధ్య తిరిగింది. పక్కకు దొర్లినా బోర్లా పడినా ముద్ర అదే. అలా చూడటం వచ్చినవాడే ఇక్కడ పనిమంతుడు. పలక మీద మాత్రం గీతకు పైనా కిందా ఉంటాయని, తిరగేస్తే అది ఇంకొకటవుతుందని దానికి ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు. అక్క ఒక పంతులమ్మ. బోర్లా రాసి నా మొహంలోకి చూసినప్పుడల్లా అది నాకు సరైన ముద్రే చూపిస్తోంది. నేను పొగరన్నాను.

జబ్బంతా ఇదేనని అనుకోను. ఉదయం వచ్చింది మధ్యాహ్నానికి పోవడానికి ఇది జవాబు కాదు. డాక్టరు చెప్పిందీ నిజమే కావచ్చు. కానీ మూడేళ్లలో ఒక్కసారైనా, నీకెట్లా కనిపిస్తుందే అని నేను అడగాల్సింది.

ఇంకొకటి చూశాను. సమ్మి ముద్రలు తడిమేది మధ్య వేలితో. చూపుడు వేలు పైకి లేపి ఉంచుతోంది. అది వంగడం లేదు.

"ముందు ఏ వేలితో చూసేదానివి?" అని అడిగాను.

అది చెయ్యి నీళ్లలోకి దింపేసింది.

నవంబరు 8

ఎల్లుండి డాక్టరు మనిషి వస్తాడు. పర్చా నింపడానికి కూర్చున్నాను. నాయిన పక్కన కూర్చున్నాడు, బొటనవేలు సిరాలో ముంచడానికి సిద్ధంగా. సమ్మి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మొన్న ఒడ్డు మీద అంత తెలిసి కూడా పర్చా ముందు ఎందుకు కూర్చున్నానో రాయాలి. పంతులు దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పడం కంటే ఇదే సులువు. సమ్మి కళ్ల ముందు లేకపోతే ఆ వేలు కూడా ఉండదు.

"మంచిగ చదివినవా బిడ్డా? ఏముంది అండ్ల?" అన్నాడు నాయిన.

"మామూలే నాయినా. పిల్లను చేర్చుకోమని."

"నాకేం తెలుసు. నువ్వు ఏది రాస్తే దానికి వేలేస్త."

మందబుద్ధి అన్న మాట ఆయనకు చదివి వినిపించలేదు. కారణం అన్నచోట కలం పెట్టాను. అప్పుడే నాయిన సమ్మిని దగ్గరికి పిలిచి, దూరం పంపే పిల్ల కదా, తల నిమిరి, చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది బిడ్డా ఇది? ఈ వేలు గిట్ల వంకర పోయిందేంది?"

సమ్మి నా వైపు చూడలేదు. తడుముకోలేదు. అక్షరం పోకుండా నా గొంతుతోనే చెప్పింది.

"పలక పడ్డది నాయినా."

ఇన్నేళ్లలో నేను నేర్పినవాటిలో దానికి ఒక్కసారి వినగానే వచ్చింది ఇదొక్కటే.

నాయినతో చెప్పేశాను. పలక పడలేదని చెప్పాను. అక్టోబరు పదిన ఏం జరిగిందో చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, ఆ రోజు రాయలేదు కనుక. ఆ పేజీ చింపను. సమ్మి అక్షరం మీద వేలు పెట్టి చదవబోతోంది. తప్పు చదివింది. పలక లాక్కున్నాను. వేలు ఇంకా నేల మీదే, అక్షరం ఉన్న చోటే ఆనించి ఉంచింది. పలక అంచుతో ఆ వేలి మీద కొట్టాను. అది ఏడవలేదు. అందుకని ఇంకోసారి కొట్టాను. రెండో దెబ్బకు పలక మూల విరిగింది.

పంతులును తిట్టింది నేను. లక్కేకు పలక ఇవ్వలేదని ఆ అమ్మగారిని తిట్టుకుంది నేను.

నాయిన అరవలేదు. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది. పర్చా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా ఆయనకు ఒక్కటే.

"ఇండ్ల ఏముందో మళ్లొకసారి చెప్పు."

ఈసారి అంతా చదివాను. మందబుద్ధి దగ్గర ఆగమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"ఇన్నొద్దులు నీ రాతకు కండ్లు మూసుకుని వేలేసిన. ఇగ ఎయ్య. ఏది రాసినా ముందు చదివి వినిపియ్యి, సమ్మి ముందల." తర్వాత దాని వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా? నిన్నెవరం అడగలేదు."

సమ్మి ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుంది.

"పంతులు దగ్గర కూసుంట. ఒడ్డు మీద." పర్చా వైపు చూసింది. "అక్క ఉండొద్దు."

నవంబరు 9

పంతులు ఇంటికి వెళ్లాను. మేకకు ఆకు వేస్తున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. దుంగల సంగతి చెప్పాను. రెండోది వినగానే ఆకు కింద పడేసి, "అలాగా" అన్నాడు మూడుసార్లు. మొదటిదానికి ఏమీ అనలేదు. నేను వాకిలి దాటాక మాత్రం వెనక నుంచి, "రేపటి నుంచి ఒడ్డుకే వస్తాను. మీరు మాత్రం రాకండి" అన్నాడు.

సమ్మీ ఈయనా కూడబలుక్కున్నట్టే అన్నారు.

నవంబరు 10

డాక్టరు మనిషికి పర్చా తిరిగి ఇచ్చాను. కారణం అన్నచోట, "చూపు బాగుంది. వినికిడి బాగుంది. బుద్ధి బాగుంది. చెప్పేవాళ్లకు చేతకాలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇలా రాస్తే చోటు దొరకదన్నాడు. తెలుసన్నాను. నాయిన వేలిముద్ర వేశాడు, రెండుసార్లు చదివించుకున్నాక.

నవంబరు 11

బడే గురూజీ రిజిస్టరు నా ముందుకు తోశాడు. "మీ చెల్లెలే కదా, మీరే కొట్టేయండి" అన్నాడు. కొట్టేయనన్నాను. అయితే ఉద్యోగం సంగతి కొత్త ఇన్‌స్పెక్టరు చూసుకుంటాడన్నాడు. చూసుకోనీ. ఆయనే ఎర్రసిరాతో గీత గీశాడు. గీత తిన్నగా వచ్చింది.

ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎంతసేపు తిట్టుకున్నా చివరికి ఆ విరిగిన పలక దగ్గరికే వస్తోంది.

నవంబరు 19

దీపావళి అయిపోయింది. బడి అయ్యాక ఒడ్డుకు వెళ్లాను. పెద్ద బండ దాటకూడదు, అది మా ఇంట్లో ఒప్పందం. బండ దగ్గరే ఆగాను.

హిడ్మా కోసిన టేకు ముక్కల మీద పంతులు ఉలితో అక్షరాలు చెక్కించాడు, అరచెయ్యంతవి. ఒక్కో ముక్కకు కింది వైపు ఒక గాటు. ముక్క ఎటు తిరిగినా గాటు తగిలితే అది కింద. సమ్మి ముక్కను నీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని, ముందు గాటు వెతికి, తర్వాత పైకి తడుముతోంది. రెండు చెప్పింది. మూడోది తప్పింది. పంతులు ముక్కుపొడి పీల్చుకుని మేక గురించి ఏదో అన్నాడు. అది నవ్వి మళ్లీ తడిమింది. మధ్య వేలు అలిసిపోతే చూపుడు వేలు పెడుతోంది. వంకరగానే పెడుతోంది.

ఒకసారి తల ఎత్తి ఇటు చూసింది. నన్ను చూసింది.

చెయ్యి దాచుకోలేదు. రమ్మని కూడా అనలేదు.